మదనపల్లె టీచరమ్మ, మన ఓటు

మన మహాసభ ఏటా జన గణ మనతో ముగుస్తుంది. మైకు దగ్గరి అక్క అందుకోగానే వెనుక వరుసల్లో టిఫిన్ డబ్బాలు సర్దుకుంటున్నోళ్ళు కూడా లేచి నిలబడతరు. ఆ పాట రవీంద్రనాథ్ ఠాగూర్ రాశారని బడికి పోయే పిల్లలందరికీ తెలుసు. ఆ వరసను కాగితం మీద స్వరాలుగా రాసి పెట్టింది ఒక సంగీతం టీచరమ్మ అని, ఆ పని జరిగింది మన తెలుగు నేల మీద, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో అని మాత్రం చాలామందికి తెలియదు. మాకూ ఈ మధ్యనే తెలిసింది.

ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. ఊరు ఐర్లాండ్. ఈ దేశంలో ఆడవాళ్ళకు ఓటు కావాలని సర్కారును కాగితం మీద అడిగించినామె కూడా ఈమెనే. ఈసారి మన పుస్తకంలో చరిత్ర వ్యాసం ఎవరి మీద రాయాలని కూర్చున్నప్పుడు మొదట ఐలమ్మ పేరు వచ్చింది, తర్వాత ఆరుట్ల కమలాదేవి పేరు. వాళ్ళు మనోళ్ళు, వాళ్ళ గురించి ఎంత రాసినా తక్కువే. కానీ ఓటు సంగతి తవ్వుకుంటూ పోతే ఈ టీచరమ్మ తగిలారు. ఆమె దారి, మనోళ్ళ దారి వేరు. రెండూ కలిపి చెప్తేనే కథ పూర్తవుతుందని అనిపించి ఇలా రాస్తున్నాం.

మార్గరెట్ 1878 నవంబర్ 7న ఐర్లాండ్‌లోని బాయిల్ అనే చిన్న పట్నంలో పుట్టారు. పెద్ద కుటుంబం, ఇంటికి పెద్ద బిడ్డ. ఇంట్లో మగపిల్లలకు ఒక లెక్క, ఆడపిల్లలకు ఒక లెక్క అన్నది చిన్నప్పుడే చూశారు. స్కాలర్‌షిప్ వస్తే డబ్లిన్ వెళ్ళి సంగీతం చదివి 1902లో డిగ్రీ తీసుకున్నారు. మరుసటి ఏడు జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్ళి చేసుకుని, సంగీతం పాఠాలు చెప్తూ బతికారు. 1908లో స్నేహితురాలు హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ స్త్రీల ఓటు హక్కు సంఘం పెట్టారు. అప్పుడు బ్రిటన్‌లో గానీ ఐర్లాండ్‌లో గానీ పార్లమెంటుకు ఆడవాళ్ళు ఓటు వేసే వీలు లేదు. ఇంగ్లండ్ రాణే ఆడది అయ్యి అరవై ఏండ్లు ఏలింది, ఆడవాళ్ళకు మాత్రం ఓటు లేదు. వింతగా లేదూ?

సంఘం అర్జీలు పెట్టింది, ఊరేగింపులు తీసింది, పని కాలేదు. 1910లో మార్గరెట్ లండన్ వెళ్ళి మంత్రుల ఇండ్ల కిటికీ అద్దాలు రాళ్ళతో పగలగొట్టారు. హాలోవే జైలులో నెల రోజులు ఉంచారు. 1913లో డబ్లిన్‌లో సర్కారు కోట కిటికీలు పగలగొడితే మళ్ళీ నెల రోజులు టల్లమోర్ జైలు. అక్కడ దొంగల లెక్క కాకుండా రాజకీయ ఖైదీలుగా చూడాలని తోటి ఆడవాళ్ళతో కలిసి తిండి మానేశారు. సంగీతం నేర్పే చేతులు రాళ్ళు పట్టడం ఏంటని అప్పట్లో పత్రికలోళ్ళు ముక్కున వేలేసుకుని ఉంటరు. మనకైతే ఆశ్చర్యం లేదు. సారా దుకాణాల ముందు మనోళ్ళు ఏం చేశారో మనకు తెలుసు.

1915లో కజిన్స్ దంపతులు ఇండియాకు వచ్చారు. పిలిచింది అనీబిసెంట్. ఆమె సంగతి ఒక్క మాట చెప్పుకోవాలి. ఇక్కడికి రాకముందు ఆమె లండన్‌లో సోషలిస్టు. 1888లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు సమ్మె కడితే వాళ్ళ తరఫున నిలబడ్డ మనిషి. మద్రాసులో ఆమె నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో జేమ్స్‌కు పని ఇచ్చారు. 1916లో డబ్లిన్‌లో ఇంగ్లీషు పాలన మీద తిరుగుబాటు జరిగింది. దాన్ని మెచ్చుకుంటూ జేమ్స్ రాసేసరికి ఉద్యోగం పోయింది. అనీబిసెంటే వాళ్ళను మదనపల్లె కాలేజీకి పంపారు. అలా ఒక ఐరిష్ తిరుగుబాటు పుణ్యాన మార్గరెట్ రాయలసీమకు చేరారు.

1919 ఫిబ్రవరిలో ఠాగూర్ విశ్రాంతి కోసం మదనపల్లె వచ్చి కాలేజీలో ఉన్నారు. 28వ తేదీ సాయంత్రం పిల్లలందరూ కూడి పాటలు పాడుకుంటుంటే ఆయన కూడా గొంతు కలిపి జన గణ మన పాడారు. చివరి మాటలు పిల్లలు ఆయనతో అందుకున్నారు. ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం ఠాగూర్ ఆ రోజుల్లో అక్కడే చేశారు. సంగీతం తెలిసిన మార్గరెట్ స్వరాలు రాసి పెట్టారు. కొందరు పాటకు బాణీ కట్టింది ఆమెనే అని చెప్తుంటారు, అది సరికాదు. వరస ఠాగూర్‌దే. ఆమె చేసింది రాసి పెట్టడం. మన సంఘాల్లో పుస్తకాలు రాసే అక్కలకు ఆ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాం. 1917 మే నెలలో మద్రాసు దగ్గర అడయారులో అనీబిసెంట్, డొరొతీ జినరాజదాస, మార్గరెట్ ఇంకా కొందరు కలిసి భారతీయ మహిళా సంఘం పెట్టారు. ఊరూరా శాఖలు, ప్రతి శాఖలో మీటింగు, తీర్మానం, ఆ తీర్మానం పై సంఘానికి పంపడం. మన గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య వరస ఎట్లుందో ఇంచుమించు అట్లనే. 'స్త్రీధర్మ' అని పత్రిక కూడా నడిపారు.

ఆ ఏడాదే ఇండియాలో పరిపాలన ఎట్లా మార్చాలో చూడటానికి మాంటేగు అనే మంత్రి లండన్ నుంచి వచ్చాడు. ఎవరి కోరికలు వాళ్ళు చెప్పుకోవచ్చన్నారు. జమీందార్లు, వ్యాపారులు, కులసంఘాలు అన్నీ వరుస కట్టాయి. మార్గరెట్ కూడా, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటానికి మాకు టైం ఇవ్వండి అని రాశారు. ఇది రాజకీయ విషయాల గురించి మాత్రమే, చదువు సంగతులకు కాదు అని జవాబు వచ్చింది.

ఇంకెవరైనా అయితే సరే అని ఊరుకునేవాళ్ళు. మన దగ్గర కూడా, ఈ స్కీము మీకు వర్తించదమ్మా అనగానే దరఖాస్తు మడిచి కొంగున కట్టుకుని వచ్చేస్తం గదా. మార్గరెట్ ఊరుకోలేదు. రాజకీయమే కావాలా, అయితే అదే అడుగుదాం అని వినతిపత్రంలో ఓటు సంగతి చేర్చారు. కొత్త చట్టంలో ప్రజలు అంటే ఆడవాళ్ళు కూడా అని చూడాలి, మగవాళ్ళకు ఏ షరతుల మీద ఓటు ఇస్తారో అవే షరతుల మీద ఆడవాళ్ళకూ ఇవ్వాలి అన్నది దాని సారం. తలుపు వేయబోయినోళ్ళే తలుపు ఎక్కడుందో చూపించినట్టయింది.

1917 డిసెంబర్ 18న మద్రాసులో ఆ బృందం మాంటేగును కలిసింది. మార్గరెట్ దానికి తాను నాయకురాలు కాలేదు. ముందు నడిచింది సరోజినీ నాయుడు. సరోజిని పుట్టి పెరిగింది హైదరాబాదులో, అంటే నిజాం రాజ్యపు ఆడబిడ్డ. వినతిపత్రం వెనుక పని అంతా చేసి మాట్లాడే చోట ఇక్కడి ఆడవాళ్ళనే నిలబెట్టడం మార్గరెట్ బతుకంతా పాటించిన పద్ధతి. మాకు ఆమెలో అన్నిటికంటే నచ్చింది ఇదే. మన దగ్గర ట్రైనింగులు ఇచ్చే కొందరు పెద్దమనుషులకు ఈ గుణం ఉంటే ఎంత బాగుండు.

ఫలితం వెంటనే రాలేదు. 1918లో వచ్చిన మాంటేగు రిపోర్టులో ఆడవాళ్ళ ఊసే లేదు. తర్వాత ఓటు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఈ దేశపు ఆచారాలకు ఇది కుదరదు అన్నది. పరదాలో ఉండేవాళ్ళు ఓటెట్ల వేస్తరు అన్నది వాళ్ళ మాట. పొలంలో నాట్లేసే ఆడవాళ్ళు ఏ పరదాలో ఉన్నారో వాళ్ళు చూడలేదు. సరోజినీ నాయుడు, అనీబిసెంట్, బొంబాయి నుంచి హీరాబాయి టాటా లండన్ వెళ్ళి పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. చివరకు 1919 చట్టంలో, ఇది మేం తేల్చం, ఏ రాష్ట్రపు శాసనసభకు ఆ సభ తేల్చుకోవచ్చు అని పక్కకు తప్పుకున్నారు. దాంతో మహిళా సంఘం శాఖలు రాష్ట్రాల మీద పడ్డాయి. 1921లో మద్రాసు రాష్ట్రం, బ్రిటిష్ ఇండియాలో అందరికంటే ముందు, ఆడవాళ్ళకు ఓటు ఇచ్చింది. కోస్తా, రాయలసీమ తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి అక్కడి ఆడవాళ్ళకూ వచ్చినట్టే.

వచ్చినట్టే అంటున్నాం, ఎందుకంటే ఇందులో ఒక మెలిక ఉంది. అప్పటి చట్టం ప్రకారం ఆస్తి ఉన్నోళ్ళకే ఓటు. పన్ను కట్టాలి, లేదా భూమి పేరు మీద ఉండాలి. మగవాళ్ళలోనే ఓటు ఉన్నోళ్ళు కొద్దిమంది. ఇక భూమి ఎంతమంది ఆడవాళ్ళ పేరు మీద ఉంటుంది? పట్టా పాసుపుస్తకం మీద ఎవరి పేరుందో, రైతుబంధు పైసలు ఎవరి ఖాతాలో పడ్డాయో గుర్తు తెచ్చుకుంటే చాలు. నూటికి ఒక్క ఆడమనిషికి కూడా ఓటు రాలేదు. కూలికి పోయే మనిషి, కౌలు చేసే మనిషి ఆ లెక్కలోకే రాలేదు. ఇది మార్గరెట్ తప్పని మేము అనం. అడుగు పెట్టడానికి ముందు గడప దొరకాలి అనుకున్నారు ఆమె. కానీ ఆ గడప దాటినోళ్ళలో మన అమ్మమ్మల లాంటోళ్ళు లేరు అన్నది కూడా చెప్పకపోతే చరిత్ర రాసినట్టు కాదు.

1919, 20లలో మార్గరెట్ మంగళూరులో జాతీయ బాలికల పాఠశాలకు హెడ్‌మిస్ట్రెస్‌గా చేశారు. ఆ మంగళూరు ఆడబిడ్డే కమలాదేవి చటోపాధ్యాయ. 1926లో ఆడవాళ్ళు ఎన్నికల్లో నిలబడొచ్చు అన్నప్పుడు కమలాదేవిని నిలబెట్టి, ఆమె కోసం తిరిగి ప్రచారం చేశారు మార్గరెట్. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఓడినా వెనక్కి పోలేదు. తర్వాత ఆమె కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ నాయకురాలయ్యారు, స్వాతంత్ర్యం వచ్చాక దేశమంతా చేతివృత్తులను నిలబెట్టారు. మన పెంబర్తి ఇత్తడి పనోళ్ళు, చేనేత అక్కలు ఆమె పేరు వినే ఉంటారు.

1926లోనే మార్గరెట్ దేశమంతా ఉత్తరాలు రాశారు. ఎక్కడివాళ్ళు అక్కడ కూడి, ఆడపిల్లలకు ఎట్లాంటి చదువు కావాలో తేల్చుకుని, ప్రతినిధులను ఎన్నుకుని పంపండి అని. అట్లా 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదలైంది. చదువు సంగతి మాట్లాడబోతే బాల్యవివాహాల దగ్గరికి వచ్చి ఆగింది. పన్నెండేళ్ళకు పెళ్ళి చేస్తే బడికి ఎవరు పోతరు? ఆ సభ గట్టిగా వెంటపడిన వాటిలో 1929 నాటి శారదా చట్టం ఒకటి. ఆడపిల్లకు 14 ఏండ్లు నిండితేనే పెళ్ళి అని అందులో ఉంది. మన వైపు అది కూడా అమలు కాలేదు, నిజాం రాజ్యానికి బ్రిటిష్ చట్టం వర్తించదు.

1932లో గాంధీగారి ఉద్యమం మీద సర్కారు ఆర్డినెన్సులు పెడితే మద్రాసులో వాటికి ఎదురుగా మాట్లాడినందుకు మార్గరెట్‌ను ఏడాది జైలుకు పంపారు. వెల్లూరు జైలు. పదేళ్ళ ముందు అదే సర్కారు ఆమెను గౌరవ మేజిస్ట్రేటుగా వేసింది, ఈ దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమె. తీర్పు చెప్పే కుర్చీ నుంచి జైలు గదికి వచ్చారన్నమాట. యాభై దాటిన వయసు. అక్కడ కూడా తోటి ఖైదీలకు పాఠాలు చెప్పే ఉంటారని మేము అనుకుంటున్నాం, టీచరమ్మల అలవాటు ఊరికే పోదు.

1935లో కొత్త చట్టం వచ్చింది. ఓటున్న ఆడవాళ్ళ సంఖ్య 60 లక్షల దాకా పెరిగింది. ఎట్లా పెరిగిందంటే, ఆస్తి ఉన్న మగవాని భార్యకో వితంతువుకో ఓటు ఇచ్చారు. అంటే నువ్వు ఎవరు అన్నది కాదు, నువ్వు ఎవని పెండ్లానివి అన్నది లెక్క. మహిళా సభ దీన్ని ఒప్పుకోలేదు. పెళ్ళితో ముడిపెట్టకండి, ఆస్తితో ముడిపెట్టకండి, వయసు వచ్చిన ప్రతి మనిషికీ ఓటు ఇవ్వండి అని అడిగింది. మరుసటి ఏడు 1936లో ఆ సభకు మార్గరెట్ అధ్యక్షురాలయ్యారు. అప్పటికే ఆమెకు ఒక సంగతి అర్థమైంది, ఇక్కడి ఆడవాళ్ళు ముందుకు వచ్చేశారు, తను పక్కన నిలబడటమే మంచిది అని. ఆ తర్వాత మెల్లగా వెనక్కి జరిగారు.

ఇదంతా బ్రిటిష్ ఇండియా కథ. ఆ రోజుల్లో మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నిజాం పాలనలో ఉన్నాయి. మన దగ్గర అర్జీ పెట్టాలంటే దేశ్‌ముఖ్ గడీ ముందు చెప్పులు విప్పాలి. ఆడవాళ్ళ సభలు లేవని కాదు. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ మొదటిసారి కూడినప్పుడే పక్కన మహిళా సభ కూడా జరిగింది, అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ. ఆడపిల్లల చదువు గురించి, బాల్యవివాహాల గురించి అక్కడా మాట్లాడారు. కానీ ఆ సభల్లో చదువుకున్న ఇండ్ల ఆడవాళ్ళే ఎక్కువ. ఊరి ఆడవాళ్ళు కదిలింది తర్వాత, ఆంధ్రమహాసభ ఊర్లలోకి వచ్చి జనం నోట 'సంగం' అయ్యాక.

పాలకుర్తి ఐలమ్మ కథ మన సభ్యులకు కంఠోపాఠం. కౌలుకు తీసుకుని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని వస్తే, సంగపోళ్ళ తోడుతో ఆ గింజలు తన ఇంటికే చేర్చుకున్నారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాక జనగామ తాలూకా అంతా అంటుకుంది. ఓటు అడిగే చోటే లేని రాజ్యంలో మనోళ్ళు మొదట భూమి అడిగారు, వెట్టి చెయ్యం అన్నారు. మార్గరెట్ వాళ్ళ దారిలో ఓటు ముందు వచ్చింది, భూమి లేనోళ్ళకు అందలేదు. మన దారిలో భూమి కొట్లాట ముందు, ఓటు వెనుక.

ఓటు 1952లో వచ్చింది, 21 ఏండ్లు నిండిన అందరికీ, ఆస్తి అడగకుండా, మొగుడెవరో అడగకుండా. ఆ మొదటి ఎలక్షన్‌లోనే ఆరుట్ల కమలాదేవి మన పక్కనున్న ఆలేరు నుంచి గెలిచి హైదరాబాదు శాసనసభకు పోయారు. చిన్నప్పటి పేరు రుక్మిణి. సాయుధ పోరాటంలో దళాలతో తిరిగి, జైలు చూసి వచ్చిన మనిషి. 1957లో, 1962లో కూడా ఆలేరు జనం ఆమెనే గెలిపించారు.

ఆ ఎలక్షన్‌లో జరిగిన ఇంకో సంగతి చదివినప్పుడు మేము కాసేపు మాట్లాడకుండా ఉండిపోయాం. ఓటర్ల లిస్టు రాయడానికి ఇంటింటికీ పోతే చాలామంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానాయన భార్య, ఫలానావాని తల్లి అని రాయించుకున్నారు. అట్లా కాదు, మనిషి పేరు ఉండాల్సిందే అని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. చివరకు పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళను లిస్టు నుంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కువమంది బిహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపు వాళ్ళు. ఓటు వచ్చింది, పేరు లేక పోయింది.

అప్పటికి మార్గరెట్ అడయారులో మంచాన ఉన్నారు. కొన్నేళ్ళ ముందే పక్షవాతం వచ్చింది, మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. దేశంలో ప్రతి ఆడమనిషికీ ఓటు వచ్చింది అన్న మాట వినేదాకా బతికారు. 1954 మార్చి 11న కన్నుమూశారు.

ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడే మా పాత మినిట్స్ పుస్తకాలు కూడా దించి చూశాం. తొలి సంవత్సరాల పుస్తకాల్లో హాజరు పేజీలో సొంత పేర్లు ఉన్నవి కొన్నే. మిగతావి 'సారయ్య భార్య', 'పెద్ద కోడలు', 'తండా నుంచి ఇద్దరు' అని ఉన్నాయి. రాసింది కూడా మన ఆడవాళ్ళే. పొదుపు వాళ్ళదే, వేలిముద్ర వాళ్ళదే, పేరు మాత్రం లేదు. లోను ఫారంలో భర్త సంతకం లేదని తిప్పి పంపిన రోజులు మనలో చాలామందికి గుర్తే. ఆ పుస్తకాల్లో ఎవరు ఎవరో తెలిసిన పెద్దక్కలు ఇంకా ఉన్నారు కాబట్టి, వాళ్ళను అడిగి ఆ పేజీల పక్కన అసలు పేర్లు రాయించాలని పోయిన మీటింగులో తీర్మానం చేశాం. జనగామ వైపు పుస్తకాలు మొదలుపెట్టాం. తండాల పుస్తకాలు, అడవి పక్క ఊర్లవి ఇంకా రావాలి. మీ గ్రామ సంఘం బీరువాలో పాత పుస్తకం ఉంటే, చెదలు పట్టకముందే తెచ్చి ఇవ్వండి.